పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక కుటుంబం

మా గుళ్ళో ప్రసంగం జరుగుతుంటే కునుకు తీసేవాళ్ళు కూడా ప్రకటనలప్పుడు లేచి కూర్చునేవాళ్ళు.

కానుక పట్టడం అయిపోయి, ఇంక అయ్యగారి దీవెన ఒక్కటే మిగిలినప్పుడు మా నాన్న ముందుకొచ్చి నిలబడేవారు. చేతిలో అట్ట ఊడిన లాంగ్ సైజు నోటుబుక్కు. జేబులోంచి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని, ఒకసారి దగ్గి, "సంఘానికి ప్రకటనలు" అనేవారు. నాన్న పదో తరగతి తప్పిన మనిషి. వారమంతా మిరపచేలల్లో, పత్తిచేలల్లో కూలి. ఆదివారం పొద్దున మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకున్న సంఘ కార్యదర్శి.

మాది గుంటూరు పక్క ఒక మాదిగపల్లె. గుడి పెద్దదేం కాదు. వంద మంది కూర్చుంటే పిల్లలు గడప మీదకి వచ్చేస్తారు. 1842 జులై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినప్పుడు మొదలైన లూథరన్ మిషన్, ఆ తర్వాతి తరాల్లో మా తాతముత్తాతల పల్లెల దాకా వచ్చింది. 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం ఏర్పడింది. అదంతా పుస్తకాల్లో ఉండే చరిత్ర. మాకు చరిత్ర అంటే గుడి, గుడి పక్కన ఒక్క గది బడి, గుడి వెనక సమాధులు. మూడూ ఒకే గోడ లోపల. పుట్టినప్పుడు పేరు, తర్వాత అక్షరం, పోయాక ఆరడుగుల నేల. ఊరు మాకు ఇవ్వని మూడూ ఆ గోడ లోపల దొరికాయి.

ఈ గుడి గురించి రాయమని మీలో కొంతమంది చాలాకాలంగా అడుగుతున్నారు. సిద్ధాంతం రాయను. ప్రకటనల గురించి రాస్తాను. మా పల్లె బతుకు ఆ నోటుబుక్కులోనే ఉంది.

ముందు మీరు వినాల్సింది పేర్ల సంగతి. ఊళ్ళో మా తాతని పదేళ్ళ పిల్లాడు కూడా "ఒరే" అనేవాడు. మా నానమ్మకి అరవై ఏళ్ళొచ్చినా ఆసామి ఇంట్లో "ఏమే" అనే పిలుపే. పూర్తి పేరు ఎవరికీ అవసరం పడలేదు. పిలిస్తే పలికితే చాలు. అదే నానమ్మ ఆదివారం పొద్దున పదకొండున్నరకి "శ్రీమతి" అయ్యేది. "శ్రీమతి ఫలానా గారు తన మోకాళ్ళ నొప్పి తగ్గినందుకు దేవునికి కృతజ్ఞతగా పది రూపాయలు." ఇంటిపేరుతో సహా చదివేవారు నాన్న. నానమ్మ చెంగు సర్దుకుని కూర్చునేది. ఆ పది రూపాయలు దేవుడికి ఇచ్చిందో, తన పేరు చివర "గారు" వినడానికి ఇచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. రెండూ అయినా తప్పులేదు.

నాన్న "గారు" లేకుండా ఒక్క పేరూ చదివేవారు కాదు. రోజుల పిల్లకి బాప్తిస్మం ప్రకటించినా "కుమారి ఫలానా గారు" అనేవారు. గుడి మొత్తం నవ్వేది. ఆయన నవ్వేవారు కాదు.

ఏడాది పొడుగునా కాలాలు మాకు పంచాంగంలో కాదు, ఆ నోటుబుక్కులో మారేవి.

నవంబరు చివర ఆగమన కాలం వచ్చేది. నాలుగు ఆదివారాలు. "గుడికి సున్నం వేయాలి. ఇంటికి ఒక మనిషి రావాలి. రాలేనివారు ఒకరోజు కూలి ఇవ్వాలి." "స్టారు కట్టడానికి వెదురు బద్దలు కావాలి." "కేరల్స్‌కి వెళ్ళే యవ్వనస్థులు బీడీలు కాల్చరాదు." పత్తి తీతలు సాగుతున్న రోజులవి. పగలంతా చేలో వంగి తీసినవాళ్ళు రాత్రి పదింటికి పెట్రొమాక్స్ లైటు పట్టుకుని ఇంటింటికీ పాడుకుంటూ తిరిగేవాళ్ళు. డిసెంబరు 31 రాత్రి పన్నెండింటికి గంట కొట్టి, తలా ఒక వాగ్దానం చీటీ తీసేవాళ్ళం. చదువు రానివాళ్ళ చీటీలు చదివిపెట్టడం మా పిల్లల పని.

తర్వాత కోత పండుగ. కొన్ని చోట్ల ప్రథమ ఫలాల పండుగ అంటారు. దీని గురించి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. పొలంలో పండిన మొదటి పంట దేవుడికి తేవాలి. మా పల్లెలో సెంటు భూమి ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ ఆదివారం గుడి నిండిపోయేది. కూలికి బదులు వచ్చిన కుంచెడు ధాన్యం, గట్టు మీద కాసిన గుమ్మడికాయ, పెరట్లో రెండు కోడిగుడ్లు, పరిగె ఏరిన వడ్లు. పరాయి చేలో మా చేతులు పండించినదాంట్లో మిగిలింది. దీవెన అయ్యాక వేలం పాట. ఒక్కో గుడ్డు చేతులు మారి, మళ్ళీ మళ్ళీ వేలానికొచ్చి, చివరికి యాభై రూపాయలు పలికేది. ఆ డబ్బుతో గుడి రేకులు మార్చేవాళ్ళు.

ఆ తర్వాత నలభై రోజుల శ్రమల కాలం. సరిగ్గా మిరప కోతలప్పుడే. "శుక్రవారం కుటుంబ ప్రార్థనలు రాత్రి ఎనిమిదింటికి" అని ప్రకటన. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని వచ్చేవాళ్ళు ఆడవాళ్ళు. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు. మా అమ్మ అనేది, "క్రీస్తు శ్రమలకి నలభై రోజులు, మన శ్రమలకి తారీకు లేదు" అని. మట్టల ఆదివారం ఈతమట్టలతో ఊరేగింపు. ఆ ఊరేగింపు ఏ వీధి దాకా వెళ్ళాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో నోటుబుక్కులో రాసి ఉండేది. యెరూషలేములోకి రాజు వచ్చిన రోజున కూడా మేం మా పల్లె పొలిమేర దాటేవాళ్ళం కాదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గరికి కొవ్వొత్తులు.

ప్రకటనల్లో దేవుడి సంగతులే ఉండేవనుకోకండి. "బుధవారం పంచాయతీ ఆఫీసు దగ్గర పింఛన్ల ఫొటోలు తీస్తారు." "కంటి డాక్టర్లు వస్తున్నారు." "ఆరో తరగతి పిల్లలకి పాత పుస్తకాలు ఉన్నవారు అమ్మగారికి ఇవ్వాలి." ఒక ఏడు మిరప కోత మొదట్లో నాన్న అన్నీ చదివి, పుస్తకం మూసేసి, తల ఎత్తకుండా అన్నారు: "కూలి తేలేదాకా రేపు ఎవరూ కోతకి వెళ్ళకపోతే మంచిది." అది నోటుబుక్కులో రాయలేదు. అయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. మూడు రోజులు ఎవరూ వెళ్ళలేదు. నాలుగో రోజు కూలి పెరిగింది. యూనియన్ అనే మాట మా పల్లెకి ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది.

ఇంత చెప్పాక, మా గుడి పరలోకమని అనుకుంటారేమో. కాదు. చెరువుకట్ట అవతల మాలపల్లెలో ఇంకో లూథరన్ గుడి ఉంది. అదే ఆరాధన క్రమం, అదే కీర్తనల పుస్తకం. రెండు గుళ్ళెందుకని చిన్నప్పుడు అడిగితే "చోటు చాలదు" అన్నారు. చాలేది. ఇక కానుకల పట్టీ. ఎవరెంత ఇచ్చారో పైకి చదవడం వల్ల ఐదు రూపాయలు ఇచ్చిన మనిషి తల వంచుకునేది. ఆడవాళ్ళు రోజూ పొయ్యి మీదికి ఎసరు పెట్టేముందు తీసిపెట్టిన గుప్పెడు బియ్యంతో అయ్యగారి జీతంలో కొంత గడిచేది. సంఘ పెద్దల్లో మాత్రం చాలాకాలం ఒక్క ఆడమనిషి లేదు. మా అమ్మ ఈ సంగతి స్త్రీల సమాజంలో అడిగింది. ఇంటికొచ్చి నాన్ననీ అడిగింది. ఆ వారం అన్నం ఆలస్యంగా దొరికింది నాన్నకి.

ఇప్పుడు అన్న గురించి చెప్పాలి.

అతన్ని అన్న అనే అంటాను. సొంత అన్నా, వరసకి అన్నా అని అడక్కండి. మా పల్లెలో అందరూ వరసలు కలిపే పిలుచుకుంటారు. వివరాలు కొన్ని మార్చాను. ఊరి పేరు ఎందుకు రాయలేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

స్టారు కట్టేది అన్నే. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి గుడి మీదికెక్కించేవాడు. ఆ వెలుగు ఊళ్ళో డాబాల మీంచి కూడా కనపడేది. అదే అతని ఆనందం. ఆదివారపు బడిలో కంఠతా వాక్యాలకి ప్రతి ఏడూ మొదటి బహుమతి. నాన్నకి జ్వరమొచ్చిన రెండు ఆదివారాలు పదిహేనేళ్ళ అన్న ప్రకటనలు చదివాడు. "గారు" ఒక్కచోట కూడా మర్చిపోలేదు. పదో తరగతిలో మండలంలో అన్నకి వచ్చిన మార్కులు నాన్న ఏకంగా రెండుసార్లు చదివారు.

తర్వాత అన్న డిగ్రీ, పోటీ పరీక్షలు. చివరికి ఉద్యోగం వచ్చింది. దాంతో పాటు కుల ధ్రువీకరణ మీద విచారణ కూడా వచ్చింది. ఎవరో అర్జీ పెట్టారు. వీళ్ళు గుడికి వెళ్తారు, ఎస్సీ ఎలా అవుతారు అని. రాసింది ఎవరో పల్లెలో అందరికీ తెలుసు. అతని చేలోనే మేం అందరం కోతకి వెళ్ళేది.

చదువుకునే పిల్లలు చాలామందికి ఈ చట్టం పూర్తిగా తెలీదు గనక ఇక్కడ కాస్త ఆగి చెప్తాను. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాని మతంలో ఉన్నవాళ్ళని షెడ్యూల్డు కులంగా లెక్కించరు అని దాని సారం. 1956లో సిక్కులని చేర్చారు. 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇంకా బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలని బి.సి.-సి అంటారు. రిజర్వేషన్ ఒక్క శాతం. ఉద్యోగం, సీటు మాత్రమే కాదు. రిజర్వుడు స్థానంలో సర్పంచిగా నిలబడాలన్నా, ఊళ్ళో కొడితే అట్రాసిటీ కేసు పెట్టాలన్నా ఆ కాగితమే అడుగుతారు.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆది ద్రావిడ కులం, క్రైస్తవుడు. అదే పని చేసుకునే హిందూ ఎస్సీలకి ప్రభుత్వం బంకులు ఇచ్చింది, ఆయనకి ఇవ్వలేదు. మతం మారాక కూడా ఆ కులపు బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపించాలి, అది చూపించలేదని కోర్టు పిటిషన్ కొట్టేసింది. ఆ తీర్పు 1985లో వచ్చింది. అదే 1985 జులైలో మన కారంచేడు. చంపడానికి వచ్చినవాళ్ళు బాప్తిస్మం రిజిస్టరు తెచ్చి చూపించమన్నారా? 1991లో చుండూరులో అడిగారా? గొడ్డలికి తెలిసిన కులం కాగితానికి తెలీదు.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమని చెప్పింది. 2004 నుంచి సుప్రీంకోర్టులో కేసు ఉంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది, దాని గడువు పొడిగిస్తూ వచ్చింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఈ సంగతులన్నీ కూడా మా నాన్న నోటుబుక్కులోంచి చదివారు. ఆగస్టు 10 దగ్గర పడినప్పుడల్లా "నిరసన దినం, నల్ల రిబ్బన్లు ధరించవలెను" అని ప్రకటన ఉండేది.

విచారణకి మనిషి రాబోతున్నాడని తెలిసిన రాత్రి సంఘ పెద్దలు మా ఇంట్లో కూర్చున్నారు. లైటు ఆపేసి, లాంతరు పెట్టుకున్నారు. మధ్యలో బాప్తిస్మం రిజిస్టరు. ఒకాయన ఆ పేజీ చింపేద్దామన్నాడు. ఒకాయన పేరు మీద సిరా పోద్దామన్నాడు. అన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు. నేను ఇంటర్ చదువుతున్నాను, మంచం మీద నిద్ర నటిస్తూ అంతా విన్నాను.

నాన్న చాలాసేపటికి అన్నారు. "చింపను. వీడి పైన వీళ్ళ తాత పేరుంది, కింద చెల్లెళ్ళ పేర్లున్నాయి. చింపితే అందరూ పోతారు. పేరు ఉంటుంది. కానీ ఇక నేను చదవను."

అంతే. విచారణ ఎలా గట్టెక్కిందో రాయను. గట్టెక్కింది.

అన్న కూడా గట్టెక్కాడు. కానీ ఆ ఏడు డిసెంబరులో స్టారు వేరేవాళ్ళు కట్టారు. ఒక మూల వంగింది. ఉద్యోగం వచ్చినందుకు కృతజ్ఞత ప్రకటన లేదు. అంతకుముందు మా పల్లెలో ఎవరికి హోంగార్డు పని వచ్చినా, అంగన్‌వాడీ పోస్టు వచ్చినా చదివిన నాన్న, పల్లెకి వచ్చిన అతిపెద్ద ఉద్యోగం గురించి ఒక్క మాట చదవలేదు. అన్న పెళ్ళికి మూడు ఆదివారాల పెళ్ళి ప్రకటన లేదు. టౌనులో ఫంక్షన్ హాలు, దండలు, భోజనాలు. అయ్యగారు మామూలు చొక్కాలో వచ్చి, చివరి వరసలో తిని, కవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. పిల్లలు పుట్టారు. "కుమారి ఫలానా గారు" అనే మాట వాళ్ళకి దక్కలేదు.

ఆ తర్వాతి కోత పండుగకి అన్న వాళ్ళమ్మ ఒక కవరు తెచ్చి నాన్న చేతికిచ్చింది. ఆ ఆదివారం కానుకల పట్టీ చదువుతూ చదువుతూ నాన్న ఒకచోట ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక కుటుంబం, వెయ్యి రూపాయలు."

గుడిలో ఎవరూ కదల్లేదు. అన్ని తలలూ వంగాయి. ఎవరి పిల్లో "ఎవరమ్మా?" అని గట్టిగా అడిగింది. వాళ్ళమ్మ నోరు నొక్కింది.

అక్కణ్ణుంచి ప్రతి కోత పండుగకీ ఆ కుటుంబం పేరు లేకుండా వచ్చింది. కొన్నేళ్ళకి అలాంటి కుటుంబాలు రెండయ్యాయి. తర్వాత నాలుగు. మా పల్లె చదువుకుంటున్నకొద్దీ నాన్న చదివే పేర్లు తగ్గుతూ వచ్చాయి.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. నేను బి.సి.-సి కాగితమే తీసుకున్నాను. అది నా ధైర్యమేం కాదు, అప్పటికి ఇంట్లో ఇంకో రాత్రి అలాంటి లాంతరు వెలగడం మా అమ్మకి ఇష్టం లేదు. పిహెచ్.డి అయింది. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తున్నాను. పోగొట్టుకోవడానికి పెద్దగా ఏం లేదు గనక నా పేరుతో రాయగలుగుతున్నాను. నా పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలూ చదివారు నాన్న. మూడోవారం అన్న వాళ్ళమ్మ గుడికి రాలేదు. ఒంట్లో బాగాలేదంది.

యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో అన్న మీద నాకు కోపంగా ఉండేది. పేరు దాచుకుని బతకడం ఏం బతుకు అనుకునేదాన్ని. ఒకసారి ఫోన్లో అనేశాను కూడా. అన్న ఊరికే విన్నాడు. "నువ్వు జాషువా మీద పేపర్ రాశావంట గదా, బాగుందంట" అని పెట్టేశాడు.

ఆ పేపరు గబ్బిలం మీద. జాషువాగారు గుంటూరులో లూథరన్ వాళ్ళ టీచర్ ట్రైనింగ్ బడిలో పంతులుగా పనిచేసినవారు. 1941లో వచ్చిన ఆ కావ్యంలో సందేశం పంపే మనిషికి సొంత పేరుండదు, అరుంధతీసుతుడు అనే కులం గుర్తే ఉంటుంది. అతను గుడిలోకి పోలేడు గనక తన బాధ గబ్బిలంతో చెప్పి పంపుతాడు. ఆ విషయం మీద నేను ఇరవై పేజీలు రాశాను. గుడిలోకి రాలేని మనిషి ఏటా ఒక కవరుతో తన మాట పంపుతుంటే, ఆ కావ్యం మా పల్లెలోనే నడుస్తోందని నాకు తట్టలేదు. తేడా ఒక్కటే. అక్కడ పూజారి రానివ్వడు. ఇక్కడ అన్న పుట్టి పెరిగిన గుడి, అన్న సున్నం వేసిన గుడి, తలుపులు తెరిచే ఉంటాయి. బయట నిలబెట్టింది మూడో పేరా.

నా కోపం పోయింది మొన్నటి కోత పండుగకి.

నాన్నకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని, "ఈ వారం నువ్వు చదువమ్మా" అన్నారు. మా గుడిలో ఒక ఆడమనిషి ప్రకటనలు చదవడం అదే మొదలు. మా అమ్మ ముందు వరసలో కూర్చుంది, ఎవరన్నా ఏమన్నా అంటారేమో చూద్దామని. ఎవరూ అనలేదు.

ముందురోజు రాత్రి కానుకల రశీదులు రాయడానికి పాత రశీదు పుస్తకాలు తీశాను. నాన్న రశీదు లేకుండా ఒక్క రూపాయి తీసుకోరు. పేరు, ఊరు, మొత్తం, దేని నిమిత్తం. తిరగేస్తుంటే ఒకచోట పేరు దగ్గర ఏమీ లేదు. మొత్తం ఉంది, తారీకు ఉంది, నాన్న సంతకం ఉంది. పేరు దగ్గర ఖాళీ. ముందు ఏడు పుస్తకంలోనూ అంతే. ఇంకో ఏడు. లెక్కపెట్టాను. అన్న కవర్లవి పన్నెండు. అన్నీ ఖాళీలే. గీత కూడా కొట్టలేదు.

"నాన్నా, ఇక్కడ 'ఒక కుటుంబం' అని రాయొచ్చు కదా, ఖాళీ ఎందుకు వదిలావు?" అన్నాను.

నల్లద్దాల వెనక నాన్న ముఖం కనపడలేదు.

"ఎప్పటికైనా రాయాల్సి వస్తది గదమ్మా. అప్పుడు చోటుండాలి."

మర్నాడు ప్రకటనలు చదివాను. సున్నం సంగతి, పింఛన్ల సంగతి, వేలం పాట బాకీల సంగతి. కానుకల పట్టీలో ఒక్కో పేరూ ఇంటిపేరుతో, "గారు"తో చదివాను. ఆ వరస దగ్గరికి వచ్చేసరికి నాన్న ఎందుకు ఆగేవారో తెలిసింది. పేరు నాలుక మీదే ఉంటుంది. దాన్ని మింగి, దాని బదులు ఐదు మాటలు చెప్పాలి. చెప్పాను. "పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక కుటుంబం" అన్నాను. అంటున్నప్పుడే అది అబద్ధమని అర్థమైంది. ఇష్టం లేకపోవడం కాదు. చెప్పనివ్వని ఒక కుటుంబం.

దీవెన అయ్యాక అన్న వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "బాగా చదివావు తల్లీ, మీ నాన్న లాగే" అంది. ఆ రాత్రి అన్న ఫోన్ చేశాడు. పదేళ్ళ కిందట నేనన్న మాటకి క్షమించమన్నాను. "ఏ మాట?" అన్నాడు. గుర్తుండే అన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు, "స్టారు ఎవరు కడుతున్నారు ఈ ఏడు? మూల వంగకుండా లోపల అడ్డబద్ద వేయమని చెప్పు."

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ హాస్టల్ గదుల్లో రెండు పేర్లున్న పిల్లలు ఉంటారు. రికార్డులో ఒకటి, ఇంట్లో ఒకటి. ఆదివారం పొద్దున బజారుకని చెప్పి వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఫోన్లో వాళ్ళమ్మ "ప్రార్థన చేసుకున్నావా" అని అడిగితే గొంతు తగ్గించేవాళ్ళు ఉంటారు. వాళ్ళని "అసలు నీ పేరేంటి" అని నిలదీయకండి. "రెండు వైపులా లాభం తీసుకుంటున్నారు" అని మన సమావేశాల్లోనే కొందరు నవ్వడం నేను చూశాను. లాభం ఏంటో ఆ కవరు తెచ్చే తల్లిని అడగండి. మతం మనిషి ఇష్టం. కులం మా ఇష్టం కాదు. ఇష్టమైనది దాచుకుంటేనే, ఇష్టం లేకుండా నెత్తిన పడ్డదానికి రక్షణ ఇస్తాననే చట్టం మనల్ని కాదు, తనని తాను నిలదీసుకోవాలి. అందాకా ఆ పిల్లల పక్కన కూర్చోండి. ఏమీ అడక్కండి. ఆ మూడో పేరా గురించి మాత్రం అడగాల్సిన చోట, అడగాల్సినవాళ్ళని, గట్టిగా అడగండి. నల్ల రిబ్బన్ల రోజున ఒక్క క్రైస్తవ దళితులే కాదు, మనందరం ఉండాలి.

ఈ రాసిందాంట్లో నేను చెప్పిన మనుషుల పేర్లు ఒక్కటీ లేవు. నేనూ నాన్న లాగే ఖాళీ వదిలాను.

వచ్చే ఆదివారం ఆగమన కాలం మొదలు. గుడికి సున్నం వేయాలి, ఇంటికి ఒక మనిషి రావాలి. అన్న తరఫున నేను వెళ్తున్నాను.

జై భీమ్.